నీళ్ళు తాగని కండక్టరమ్మ

మా తోడికోడలు సిటీ బస్సులో కండక్టరు. వీధి మొత్తానికి కండక్టరమ్మ, నాకు మాత్రం అక్క. ఇంట్లో ఆవిడ మాటకు తిరుగులేదు, బస్సులో అయితే అసలే లేదు. టికెట్టు కొనకుండా జారుకుందామనుకునేవాళ్ళ పప్పులు ఆవిడ దగ్గర ఉడకవు. ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాళ్ళు ఆవిడ విజిల్ వినగానే బుద్ధిమంతుల్లా లోపలికి వచ్చేస్తారు. బస్సు కాస్త ఆలస్యమైతే చాలు, అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మా బావగారు నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరికీ సరిపడా నోరు దేవుడు ఆవిడకే ఇచ్చేశాడు.

ముట్లు ఆగిపోయి చాలా కాలమైన ఆ మనిషికి ఉన్నట్టుండి రక్తం కనబడటం మొదలైంది. వేడి చేసిందని ఒకసారి, నిలబడి నిలబడి ఇలా అయిందని ఒకసారి కొట్టిపారేసింది. డ్యూటీ మానాల్సి వస్తుందని ఆవిడ భయం. చివరికి నేను కుట్టుమిషనుకు మూతపెట్టి, చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళాను. గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేసే దశ దాటిపోయిందనీ, అయినా నయం చేయడానికి గట్టి అవకాశం ఉందనీ డాక్టరమ్మ చెప్పింది.

"రోజూ కరెంటు పెడతాం, అదే రేడియేషన్. దాంతోపాటు వారానికోసారి కీమో మందు ఎక్కిస్తాం. మందు గడ్డను నీరసపరుస్తుంది. అప్పుడు కరెంటు దాని మీద ఇంకా బాగా పనిచేస్తుంది. విడివిడిగా కాదు, రెండూ కలిపి ఇస్తేనే మీకు మంచిది."

అక్క తలూపింది. "డ్రైవరూ కండక్టరూ లాగన్నమాట," అంది. డాక్టరమ్మకు నవ్వాగలేదు.

కరెంటు గదిలోకి వెళ్ళే ముందు కడుపు నిండా నీళ్ళు తాగి కూర్చోవాలి. మూత్రసంచి నిండుగా ఉంటే పేగులు పైకి జరిగి కరెంటు దారిలోంచి తప్పుకుంటాయట. అక్క సీసా ఎత్తి గటగటా తాగేది. తీరా బల్ల మీద పడుకోబెట్టి చూస్తే, మిషను దగ్గర అమ్మాయి బయటికి పంపేసేది. "సంచి నిండలేదమ్మా, ఇంకాసేపు నీళ్ళు తాగి కూర్చోండి," అనేది. వెనకున్న వాళ్ళంతా గడియారం చూసుకునేవాళ్ళు. ఊళ్ళో బస్సులన్నిటినీ పరుగులు పెట్టించాలనుకునే మనిషి వల్ల వరసంతా ఆగిపోయేది. అక్క తలెత్తేది కాదు. ఇంటికొచ్చాక మాత్రం ఆ మిషనే పాతదంటూ తిట్టిపోసేది.

అంతలో ఒక వారం మందు ఎక్కించే రోజు వచ్చింది. ముందు రక్తపరీక్ష చేస్తారు. రిపోర్టు చూసి డాక్టరమ్మ నవ్వలేదు.

"కిడ్నీలు బాగా లేవు. స్కాన్‌లో మూత్రం దారికి ఎక్కడా అడ్డు లేదు, ఒంట్లో నీళ్ళే తక్కువగా ఉన్నాయి. ఈ మందు అసలే కిడ్నీలను ఇబ్బంది పెడుతుంది. ఈ వారం ఇవ్వలేను. వచ్చే వారం కూడా ఇలాగే ఉంటే మందు మానేయాల్సిందే. అప్పుడిక కరెంటు ఒక్కటే."

వరండాలోకి రాగానే ఆవిడ చేతిలో సీసా లాక్కుని చూశాను. మూతి దాకా నీళ్ళున్నాయి. ఇన్నాళ్ళూ గొంతు ఆడిస్తూ నా కళ్ళ ముందే నాటకమాడిందన్నమాట.

"ఎవర్ని మోసం చేస్తున్నావక్కా? నన్నా, నిన్నా?"

ఒక మాటకు పది మాటలనే మనిషి బెంచీ మీద కూర్చుంది.

"దిగట్లేదే. నోట్లోకి తీసుకుంటాను, గొంతు మూసుకుపోతుంది."

తర్వాత మెల్లగా చెప్పింది. ఆవిడ రూట్లో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆడవాళ్ళు బాత్రూంకి వెళ్ళడానికి చోటే లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒకసారి ఆపుకోలేక, దారిలో బస్సాపించి ఎవరింట్లోకో పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి బస్సు బస్సంతా నవ్వుతోంది. ఆ రోజు నుంచీ డ్యూటీలో పెదాలు తడుపుకోవడమే తప్ప తాగింది లేదు. పోనుపోను దాహమే వేయకుండా పోయింది. ఇప్పుడు కరెంటు వల్ల విరేచనాలు కూడా పట్టుకున్నాయి. దారిలో ఏమైపోతానో అన్న బెంగతో ఉన్న కాసిని నీళ్ళు కూడా మానేసింది.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. అంత నోరున్న మనిషి ఈ ఒక్క మాట ఎవరితోనూ అనలేక ఇన్నేళ్ళు ఎండిపోయిందే అని ఏడుపొచ్చింది.

సాయంత్రం ఆవిడ బస్సు డ్రైవరు చూడ్డానికి ఇంటికి వచ్చాడు. మాటల్లో నేను విషయం చెప్పేశాను. అక్క నా వైపు ఉరిమి చూసింది. డ్రైవరన్నయ్య కాసేపు తల గోక్కున్నాడు.

"చెల్లెమ్మా, పెట్రోలు బంకు దగ్గర టైర్లు చూడాలని రోజూ బండాపేవాణ్ణి, గుర్తుందా?"

"ఎందుకు లేదు? రోజూ లేటు చేసేవాడివి. రోజూ నా చేత తిట్లు తినేవాడివి."

"టైర్లకేం రోగం? డిపోలోనే చూసి పంపేవాళ్ళు. ఆ బంకులో బాత్రూం శుభ్రంగా ఉంటుంది. ఆడమనిషితో ఆ మాట ఎలా అనను? నీ అంతట నువ్వే దిగుతావనుకున్నా. నువ్వేమో విజిల్ మీద విజిల్ కొట్టేదానివి."

అక్క ఆయన్ని తేరిపార చూసింది. ముందు నవ్వింది. నవ్వీ నవ్వీ చివరికి వెక్కి వెక్కి ఏడ్చింది. మా బావగారు లోపలికి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి, పక్కన నిలబడ్డారు. ఎక్కిళ్ళ మధ్యే సగం తాగింది.

అంతటితో దారికొచ్చిందని కాదు. ఒక్కో గ్లాసుకీ బేరాలాడింది. డాక్టరమ్మతో విరేచనాల సంగతి దాచకుండా చెప్తే మాత్రలిచ్చింది. బస్సు మాని ఆటోలో తిరిగాం. డ్రైవరన్నయ్య డ్యూటీ దిగి రోజూ ఫోన్ చేసి, "టైర్లు చూశావా చెల్లెమ్మా?" అని అడిగేవాడు. కరెంటు గది అమ్మాయి ఒకరోజు, "ఇవాళ భేషుగ్గా నిండింది," అంటే అక్క పరీక్ష పాసైనట్టు నా వంక చూసింది.

మళ్ళీ రక్తపరీక్ష రోజు వచ్చింది. డాక్టరమ్మ రిపోర్టు కిందికీ పైకీ చూసి, నర్సును పిలిచి, "మందు ఎక్కించండి," అంది. అక్క నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు విరిగింది. అంత సంతోషంగా సూది పొడిపించుకున్న మనిషిని నేనైతే చూడలేదు.

ఆ తర్వాత వాంతులయ్యాయి, నీరసపడింది, తిండి సయించలేదు. కానీ కరెంటూ మందూ కలిసే నడిచాయి. ఆఖర్న గడ్డ దగ్గర లోపలి నుంచే పెట్టే కరెంటు కూడా అయింది. కొన్ని నెలలాగి పరీక్ష చేసిన డాక్టరమ్మ, "గడ్డ ఎక్కడా కనబడటం లేదు. చెకప్‌లకు మాత్రం తప్పకుండా రావాలి," అంది. నేను ఏడుస్తుంటే అక్క, "ఊరుకోవే, జనం చూస్తున్నారు," అని కసిరింది.

బయట బస్‌స్టాపులో నిలబడ్డాం. ఎండగా ఉంది.

"సీసాలో నీళ్ళున్నాయా?" అంది అక్క. "దాహమేస్తోందే."

నేను కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి ఆ మాట ఆవిడ నోట వినలేదు. సీసా ఇచ్చాను. ఎత్తి కళ్ళు మూసుకుని తాగుతోంది. ఇంతలో మా వైపు వెళ్ళే బస్సు వచ్చి ఆగింది, సీట్లు కూడా ఖాళీగా ఉన్నాయి. నేను పరుగెత్తబోయాను. అక్క నా కొంగు పట్టుకుని ఆపి, కండక్టరుకు పొమ్మని చెయ్యూపింది.

"పోనీవే, ఇంకోటొస్తుంది," అని మళ్ళీ సీసా ఎత్తింది.