మల్దకల్ చేలల్లో అగ్నిపర్వతం

మా ఆయనను ఊరందరిలాగే నేనూ సారనే అంటాను. సారుకు అగ్నిపర్వతాల పిచ్చి. తెలకపల్లి బడిలో సోషల్ చెప్పినన్నాళ్ళూ నల్లబల్ల మీద ఎర్ర సుద్దతో లావా పారించారు. రిటైరయ్యాక జావా దీవికి పోదామన్నారు. "గైడు వద్దు, గుంపు వద్దు. మనమే పోదాం. ఒక్కసారి ఆ లావా రాయి మీద చెయ్యి పెట్టి చూడాలె," అనేవారు. పాస్‌పోర్టులు వచ్చాయి. వాటి వెనకే కిడ్నీల జబ్బూ వచ్చింది. ఇప్పుడు రోజు విడిచి రోజు నాగర్‌కర్నూల్ దవాఖానలో డయాలసిస్.

గద్వాల దాటాక మల్దకల్ చేలల్లో దొరికే నల్లరాళ్ళు ఒకనాటి లావాయేనని ఆయన పాత శిష్యుడొకడు చెప్పాడు. అప్పట్నుంచి సారుకు నిద్ర లేదు, నన్నూ నిద్రపోనివ్వలేదు. చివరికి "నువ్వన్న పోయి రా. ఒక రాయి తే," అన్నారు. దవాఖాన లేని రోజు చూసి, చెల్లెలిని ఆయన దగ్గర ఉంచి బయల్దేరాను.

ఉదయం ఆరున్నరకు నాగర్‌కర్నూల్ బస్సు. ఆధార్ చూపితే ఆడవాళ్ళకు జీరో టికెట్. అక్కడ బస్సు మారి వనపర్తి చేరి, బస్టాండులో ఇడ్లీ తిన్నాను. చట్నీ నీళ్ళనీళ్ళగా ఉంది, ఆశ పెట్టుకోకండి. గద్వాల బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడ అడిగింది: "ఏడికి బిడ్డా, ఒక్కదానివే?"

అగ్నిపర్వతం చూడ్డానికన్నాను.

"మొక్కున్నదా?"

ఉన్నదన్నాను. అబద్ధమేమీ కాదు. కృష్ణ వంతెన మీద ఆమె నీళ్ళలోకి రూపాయి విసిరి, నా చేతిలోనూ ఒకటి పెట్టింది. ఏం కోరుకోవాలో నేను ఆలోచించాల్సిన పని లేకపోయింది.

మల్దకల్‌లో ఆటో మాట్లాడుకున్నాను. అతను దించేసరికి పన్నెండు దాటింది. చుట్టూ చూస్తే కొండ లేదు, గుట్ట కూడా లేదు. దున్ని విడిచిన చేను, దాని అంచున నల్లరాళ్ళ గెట్టు, అంతే. వానలకు ముందే చేనులో రాళ్ళు ఏరి గంపతో గెట్టు మీద పోస్తున్న ఒకామె నన్ను చూసింది.

"ఏం దేవులాడుతున్నవక్కా?"

సారు సంగతి, జావా సంగతి అంతా చెప్పాను. ఆమె గంప దించి నవ్వింది. "కొండ యాడిది? మా తాతల కాడికెళ్ళి దున్నుతనే ఉన్నం, రాళ్ళు ఏరుతనే ఉన్నం. నీ కొండ గీ గెట్టు మీదనే ఉన్నది."

గెట్టు మీద చెయ్యి పెట్టాను. చురుక్కుమంది. ఎండకేనని తెలుసు. అయినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్కడ ఉండాల్సింది నా చెయ్యి కాదు.

దిండులా గుండ్రంగా ఉన్న రాయొకటి ఎత్తబోయాను.

"గెట్టు రాయి ముట్టకక్కా!" అని అరిచింది. "ఒక్కటి కదిలినా పక్కచేనోడు పంచాయితీ పెడ్తడు." నా ముఖం చూసి ఏమనుకుందో, చేనులోకి పోయి కొబ్బరికాయంత రాయి పెకిలించి తెచ్చింది. "చేన్లది తీస్కపో. మా నాగలికి ఒక రాయి తక్కువైతది. సార్‌కు ఇయ్యి."

ఆమె పెట్టిన జొన్నరొట్టె తిని, గద్వాల వచ్చి మూడింటి బస్సెక్కాను. సంచిలో రాయి వెచ్చగానే ఉంది. వనపర్తి దగ్గరపడేసరికి చల్లారసాగింది. నాకు ప్రాణం ఒప్పలేదు. తీసి కొంగులో చుట్టి కడుపుకు అదుముకున్నాను. పక్క సీటామె "పసిపిల్లనా?" అంటూ తొంగిచూసి, రాయి కనబడగానే జర దూరం జరిగింది.

వెళ్ళాలనుకునేవాళ్ళు ఎండాకాలం మధ్యాహ్నం వెళ్ళండి. నీళ్ళు పట్టుకెళ్ళండి. కొండ కోసం వెతకకండి, గెట్టు ముట్టకండి. వీలైతే ఒక్కరే వెళ్ళకండి. పక్కన చూపించడానికి మనిషి లేకపోతే ఎంత చూసినా సగమే చూసినట్టుంటుంది.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టేశారు. సారు మంచం మీదనుంచే రెండు చేతులూ చాపి రాయి అందుకున్నారు. దాని చుట్టూ అరచేతులు తిప్పి చూశారు.

"ఇంకా వేడి పోలేదే!" అన్నారు చివరికి.

ఆ వేడి ఎక్కడిదో జావాకు పోయినప్పుడు చెబుదామని ఊరుకున్నాను.