బొమ్మలో మా అత్త లేని ఇల్లు

మొన్న సాయంత్రం మా మనవరాలు ఫోనులో జపానువాళ్ళ బొమ్మల కథలు చూపించింది. వాటిని మాంగా అంటారట, బొమ్మలు కదిలితే అనిమే అంటారట. వాటిలో కూడా ఈ పిల్లకు ఇళ్ళ కథలంటేనే పిచ్చి. కాగితం తలుపుల ఇల్లు, వదిలి వెళ్ళినవాళ్ళ కోసం తనే దీపం పెట్టుకుని ఎదురుచూసే ఇల్లు, ఇంకా ఎన్నో. ఒక కథలో చచ్చిపోయిన ముసలమ్మ దయ్యమై వచ్చి రోజూ వసారా ఊడుస్తుంది. చచ్చాక కూడా ఆమె చేతికి చీపురే ఇచ్చారేమని నాకు ఒళ్ళు మండింది.

తర్వాత తను సొంతంగా గీస్తున్న కథ తీసింది. అందులో ఉన్నది ప్రాణహిత ఒడ్డున సిరొంచలో మా పాత ఇల్లే. అరుగు మీద మా మామ, గోడకు వేలాడే ఫోటోలో ఉన్నట్టే, పెద్ద మీసాలతో కూర్చున్నాడు. పక్కన నా కోసమని తెలుగులో ఒక ముక్క రాసింది. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, కూడబలుక్కుని చదివాను: ఈ ఇల్లు మా ముత్తాత కట్టిండు.

"ఏ చేత్తోని కట్టిండు?" అన్నాను.

నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు ప్రాణహిత పొంగి ఇంట్లోకి వచ్చింది. టేకు గుంజలు, పైకప్పు నిలిచాయి గాని రెండు గోడలు కరిగి కూలాయి. అత్తా నేనూ ఒడ్డు మట్టి తట్టలతో మోసి, ఊకా గడ్డీ కలిపి, మోకాళ్ళ దాకా దిగి తొక్కాం. మూరెడు ఎత్తు వరుస పెట్టి, అది ఆరేదాకా ఆగి, దాని మీద ఇంకో వరుస పెట్టాలి. తొందరపడితే కింది వరుస ఉబ్బిపోతుందని నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు. నేను తొందరపడ్డాను, ఉబ్బింది. అత్త తిట్టలేదు. "ఏమే, నీకంటే ముందు గోడకే కడుపొచ్చింది!" అని నవ్వి, ఆ వరుసంతా పారతో తీసేసి మళ్ళీ మొదలుపెట్టించింది.

ఆ రోజుల్లో మామ చేసిన పనల్లా మంచం మీద కూర్చుని గోడ వంకర పోతోందని చెప్పడమే. గోడలు లేచాక ఆష్టి నుంచి చుట్టాలు వచ్చారు. "మొత్తం మళ్ళ కట్టిన బావా, నడుములు ఇరిగినయ్" అన్నాడు వాళ్ళతో. లోపల చాయ్ పోస్తున్న నేను గడప దాకా వచ్చేశాను. అత్త నా కొంగు పట్టి లాగింది. "పోనియ్యవే, చుట్టాలున్నరు" అంది. ఆ రోజు నోరు మూసుకున్నందుకు నాకు ఇప్పటికీ కోపమే. మామ మీద ఉన్నదానికంటే నా మీదే ఎక్కువ.

అందుకే మనవరాలికి ఇదంతా చెప్పి, మా అత్తను గీయమన్నాను.

"అవ్వా, మట్టి తొక్కుడు ఎవలు చదువుతరు? జర కథ ఉండాలె గదా."

"దయ్యం ఊడ్సుడు చదువుతరు గని, బతికున్నామె గోడ పెట్టుడు చదువరా?"

పిల్ల నవ్వింది. "సరే తియ్, ముత్తవ్వ మొఖం ఎట్లుంటుండె?" అని పెన్సిలు పట్టుకుంది.

అత్తకు ఫోటో లేదు. కళ్ళు మూసుకుంటే పగిలిన మడమలు కనిపించాయి, పిక్కల మీద ఎండిన మట్టి, చెమటకు తడిసిన వీపు, జారిన కొప్పు. ఎప్పుడూ నా ముందు వంగి పని చేసేది, నేను పని నేర్చుకోవడానికి ఆమె చేతులూ కాళ్ళూ చూసేదాన్ని. ముఖం మాత్రం ఎంతకీ రాలేదు. చివరికి పిల్ల ఆమెను వెనక నుంచి గీసింది. ఏమీ చేయని మామకు మీసాలతో సహా ముఖం ఉంది, గోడ పెట్టినామెకు వీపే మిగిలింది. ఇదెక్కడి న్యాయం?

ఇప్పుడు ఆ చోట సిమెంటు గోడలున్నాయి. నదికి అవి కరగవు, ఏటా ఎవరూ మట్టి తొక్కనక్కరలేదు, అందుకు నాకు సంతోషమే. అల్లపల్లి వైపు నుంచి వచ్చిన కూలీలు వాటిని లేపి వెళ్ళారు. వాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు రోజంతా ఇటుకలు మోశారు, పొద్దునా సాయంత్రం నా చేత్తోనే వాళ్ళకు చాయ్ ఇచ్చాను. ఆ ఇద్దరి ముఖాలు ఎట్లా ఉంటాయని రేపు ఎవరైనా పెన్సిలు పట్టుకుని అడిగితే, నేను చెప్పలేను.