ముక్కురాయి మీద పిట్ట ముట్టలేదు

మా అన్న పోయిన మూడో రోజు పొద్దున, పిట్టకు ముక్కురాయి మీద పెడదామన్నది మా వదిన. అందరి అనుమానం అక్కడే మొదలైంది.

మా దగ్గర మనిషి పోయిన మూడో రోజున, మళ్లీ పదకొండో రోజున అతనికి ఇష్టమైనవి వండి, విస్తరిలో పెట్టి, దూరంగా నిలబడి చూస్తారు. కాకి వచ్చి ముడితే పోయినవాడు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే అతని మనసులో ఏదో మిగిలిపోయినట్టు. ఆ మిగిలిందేమిటో, ఎవరివల్ల మిగిలిందో బతికున్నవాళ్లు వెతుకుతారు. నేను దీన్ని నమ్మను. చదువుకున్నవాణ్ణని చెప్పుకోవడానికి కాదు, నిజంగానే నమ్మను. అయినా ఆ పదకొండు రోజుల్లో నేను కూడా వెతికాను.

ముక్కురాయి ఆర్మూర్ నుంచి బండి మీద ముప్పావు గంట. ప్రాజెక్టు వెనక నీళ్లు నిలిచిన చోట, మక్కచేన్లు అయిపోయాక, ఒక నల్లరాతి గుట్ట నీళ్లలోకి పొడుచుకొని ఉంటుంది. మూడు దిక్కులా నీళ్లు. కొసన గుట్ట నిలువుగా తెగి ఉంటుంది. గాలి ఎక్కువైన రోజు అలలు రాళ్లకు కొట్టుకుంటాయి. చూసినవాళ్లు సముద్రమంటారు. నేను సముద్రం చూశాను. ఇది సముద్రం కాదు. ఈ నీళ్లకు ఉప్పు లేదు, ఎండాకాలం వస్తే వెనక్కి పోతాయి, అడుగున మునిగిన పాత ఊళ్ల గోడలు బయటపడతాయి. బురద ఆరిన చోట గడ్డి మొలుస్తుంది, జింకలు మేతకొస్తాయి.

మా అన్న పశువుల దవాఖానలో కంపౌండర్. ఏర్గట్ల దిక్కు ఊళ్లన్నీ తిరిగేవాడు. ఆదివారం మాత్రం ముక్కురాయికి పోయేవాడు. ఒక్కడే పోయి, మధ్యాహ్నం దాకా కూర్చొని వచ్చేవాడు. వచ్చాక చెప్పేవాడు: ఉడుము రాతి సందులోకి దూరి ఒళ్లు ఉబ్బించుకుంటే ఇద్దరు లాగినా రాలేదని, నీటికుక్కలు ఎప్పుడూ ఒకే రాయి మీద మలం వేస్తాయని, అందులో చేప పొలుసులు మెరుస్తాయని. నేను సగమే నమ్మేవాణ్ణి. జింక ఇరవై అడుగులు దూకిందంటే పది అనుకునేవాణ్ణి. ఎన్నిసార్లు రమ్మన్నా పోలేదు.

ఆ మూడో రోజు విస్తరిలో జొన్నరొట్టె, చేపల పులుసు, గారెలు, పక్కన కల్లు సీసా పెట్టాం. గుట్ట కొసకు దగ్గరగా, చదునుగా ఉన్న రాయి మీద. మేము తుమ్మచెట్ల దగ్గర నిలబడ్డాం. వదిన, నేను, మా మేనత్త, మా నాయన తమ్ముడు చిన్నబాపు, మరికొందరు చుట్టాలు.

నీళ్ల మీద తెల్లరెక్కల పిట్టలు ఎగురుతున్నాయి. ఒక మొద్దు మీద నీటికాకులు రెక్కలు చాపుకొని ఆరబెట్టుకుంటున్నాయి. ఎర్రకాళ్ల కొంగలు బురదలో నిలబడ్డాయి. విస్తరి దిక్కు మాత్రం ఏదీ రాలేదు.

"గీ రాళ్లల్ల ఎవలు పెట్టుమన్నరే?" అన్నది మేనత్త.

"ఆయనకు ఇష్టమైన జాగ అత్తమ్మా" అన్నది వదిన.

"వానికి ఇష్టమైతే వాడు తింటడా? కాకి తినాలె గదా."

చిన్నబాపు నీళ్ల దిక్కు వేలు చూపించాడు. "గదో, నీటికాకులు ఉన్నయి గదా. గవి గూడ కాకులే అనుకుందం, ఇంటికి పోదం. ఆకలైతుంది."

"నువ్వు నోరు మూసుకో. గవి చేపలు తింటయి, నీ గారెలు తినయి."

తర్వాత ఒక్కొక్కరే ముందుకు పోయి మాట ఇచ్చారు. చిన్నబాపు చేతులు జోడించి, "నీ బర్రెను మంచిగ చూసుకుంటం రా కొడకా, ముట్టు" అన్నాడు. నన్ను కూడా తోశారు. "వదినను చూసుకుంటా" అన్నాను, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎండ నడినెత్తికి వచ్చింది. కాకి రాలేదు. చివరికి విస్తరిని నీళ్లలో కలిపేశాం.

తిరిగి వస్తుంటే మేనత్త మెల్లగా అనలేదు, అందరికీ వినబడేటట్టే అన్నది. "వాని మనసుల ఏదో ఉన్నది. ఆ రెండు గంటలు ఏమైందో ఆమెకే ఎరుక."

ఆ రెండు గంటల సంగతి ఇది. అన్న పోయిన రోజు వాళ్ల కల్లంలో పసుపు ఉడకబెడుతున్నారు. పది గంటలకు ఛాతిలో నొప్పి అన్నాడట. దవాఖానకు తీసుకొచ్చేసరికి పన్నెండు దాటింది. ముందు వస్తే బతికేవాడేమో అన్నాడు డాక్టర్. ఎందుకు ఆలస్యమైందని అందరం అడిగాం. వదిన, "తీసుకపోదామనే లోపల గట్లైంది" అని ఊరుకుంది. కల్లం నుంచి ఆర్మూర్ దవాఖానకు పావుగంట తొవ్వ. ఆ మాట ఆ పావుగంటకు సరిపోతుంది గానీ రెండు గంటలకు సరిపోదు.

వాళ్లకు పిల్లలు లేరు. వదిన తల్లిగారి ఊరు భీమ్‌గల్. నాలుగో రోజుకే ఇంట్లో మాట పుట్టింది, పదకొండో రోజున కూడా పిట్ట ముట్టకపోతే ఆమెను భీమ్‌గల్ పంపేద్దామని. పోయినవాడు ఒప్పుకోని మనిషి ఆ ఇంట్లో ఉండొద్దట. మేనత్త అన్నది, మిగతావాళ్లు కాదనలేదు. వదిన పక్క గదిలోనే ఉంది. పదిహేడేళ్లు ఆ ఇంట్లో ఉన్న మనిషి. విన్నదో లేదో తెలియనట్టు బియ్యంలో మెరిగెలు ఏరుతూ కూర్చుంది.

నేను ఆమె చేతులు చూశాను. వణకడం లేదు. వణికితే ఒక రకంగా అనుమానించేవాణ్ణి. వణకకపోతే ఇంకో రకంగా అనుమానించాను. అప్పటికి నా పరిస్థితి అది.

ఏడో రోజు ఒక్కణ్ణే ముక్కురాయికి పోయాను. ఎందుకు పోయానో సరిగ్గా చెప్పలేను. అన్న కూర్చునే చోటు కనుక్కోవడం కష్టం కాలేదు. రెండు బండల మధ్య నీడ, బీడీ ముక్కలు, నున్నగైన రాయి. అక్కడ కూర్చుంటే గుట్ట కొస మొత్తం కనిపిస్తుంది. ఒక రాయి మీద నీటికుక్కల మలం ఎండి ఉంది. పుల్లతో చిదిపి చూశాను. పొలుసులు మెరిశాయి.

తెగిన గోడలాంటి ఆ కొసన, మనిషి చేయి అందని అరుగు ఒకటుంది. దాని కింద రాయంతా తెల్లగా చారలు కట్టింది. ఏదో పిట్ట చాలా రోజులుగా అక్కడ కాపురముందని అర్థమైంది. కింద వెతికాను. పావురాయి ఈకలు, ఒక కొంగ కాలు, ఇంకొంచెం అవతల నల్లటి రెక్క ఒకటి. కాకి రెక్క. ఎముక దగ్గర మాంసం లేదు.

అన్న చోట్లోకి తిరిగి వచ్చి కూర్చున్నాను. గంట తర్వాత డేగ వచ్చింది. వీపు పలక రంగు, పొట్ట ఇటుక రంగు, రెక్కలు కొసదేరి ఉన్నాయి. అరుగు మీద వాలింది. లోపలి నుంచి పిల్లల అరుపు వినిపించింది. కాసేపటికి మక్కచేన్ల దిక్కు నుంచి రెండు కాకులు నీళ్ల మీదుగా అడ్డంగా దాటబోయాయి. డేగ పైకి లేవడం చూశాను, దిగడం చూడలేదు. ఒక చప్పుడు, గుడ్డను దులిపినట్టు. కాకులు రెండూ కిందికి పడ్డట్టే జారి, చేన్లల్లోకి దూరాయి. మళ్లీ రాలేదు.

కాకి రాకపోవడానికి కారణం దొరికింది. పిల్లలున్నన్ని రోజులు ఆ డేగ తన కంటికి ఆనే దూరంలో కాకిని వాలనివ్వదు. అయితే ఆ రెండు గంటలకు కారణం దొరకలేదు. అందుకే ఇంటికి వచ్చి వెంటనే చెప్పలేదు. డేగ సంగతి చెబితే వదిన మీది మాట వీగిపోతుంది. అది వీగిపోవడం నాకు ఇష్టమా కాదా, నాకే తెలియలేదు.

పదకొండో రోజు పొద్దున వంట అవుతుండగా చెప్పాను. అక్కడ డేగ ఉంది, పిల్లలున్నాయి, కాకి రాదు, వేరే చోట పెడదాం అన్నాను.

మేనత్త నవ్వింది. "పుస్తకాలు సదివినోడివి బిడ్డా, నీకు అన్నిటికీ ఒక కారణం దొరుకుతది. ఇన్నేండ్ల సంది కాకులను చూస్తున్న, డేగకు భయపడి గారెలు ఇడిసిపెట్టిన కాకిని నేను చూడలె."

"జాగ మార్చుకుంటే పోయేదేమున్నది?" అన్నాడు చిన్నబాపు.

పొయ్యి ముందు కూర్చున్న వదిన తల ఎత్తలేదు. "అక్కడే పెట్టాలె" అన్నది.

"వదినా, నేను కండ్లార చూసిన."

"నువ్వు చూసినవు, వీళ్లు చూడలె. జాగ మారిస్తే నేను భయపడ్డ అంటరు. అక్కడే పెట్టాలె."

అక్కడే పెట్టాం. అదే చదును రాయి. ఆ రోజు గాలి లేదు, నీళ్లు పలక లెక్క ఉన్నాయి. తొండ ఒకటి విస్తరి దాకా వచ్చి, తల ఎత్తి దించి, వెళ్లిపోయింది. చేన్ల దిక్కు కాకుల అరుపులు వినిపిస్తూనే ఉన్నాయి. మా దిక్కు ఒక్కటీ దాటి రాలేదు. మళ్లీ ఒక్కొక్కరు పోయి మాటలిచ్చారు. అందరి మాటలూ అయిపోయాయి. అందరూ వదిన దిక్కు చూశారు.

ఆమె లేచి విస్తరి దగ్గరికి పోయింది. చేతులు జోడించలేదు.

"నేనేం మాట ఇయ్య" అన్నది. ఇంట్లో మనిషితో మాట్లాడినట్టే అన్నది. "నొప్పి అన్నవు, పోదాం పా అన్న. డ్రమ్ము పొయ్యి మీద ఉన్నది, దించినంక పోదాం అన్నవు. మళ్లొకసారి అన్న. పసుపు మెత్తబడితే ఎందుకు పనికొస్తది అన్నవు. పక్కకున్న పెద్దమనిషి గ్యాసే, జర వాము నములు అంటే నమిలినవు. పుల్ల గుచ్చి చూసి, దించి, అప్పుడు లేచినవు. నాకు నీ మీద కోపమున్నది. గంతే."

వచ్చి మళ్లీ తన చోట్లో కూర్చుంది, నీళ్ల దిక్కు ముఖం పెట్టి.

ఆ పెద్దమనిషి ఎవరని ఎవరూ అడగలేదు. ఆ రోజు కల్లంలో అన్న, వదిన గాక కూలీలు, మా మేనత్త ఉన్నారు. సంచుల కోసం వచ్చిందని ఆమే మాకు చెప్పింది. వాము సంగతి చెప్పలేదు.

చిన్నబాపు తుమ్మచెట్టు కింద తువ్వాల పరుచుకొని ఒరిగాడు. మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. కాసేపటికి మేనత్త నీళ్ల సీసా పట్టుకొని లేచింది. విస్తరి చుట్టూ నీళ్లు చల్లి వస్తా అని ఎవరితోనో కాక తనతోనే అనుకున్నట్టు అన్నది.

నేను చూస్తూనే ఉన్నాను. ఆమె నీళ్లు చల్లలేదు. వంగి విస్తరిని రెండు చేతులతో ఎత్తింది. పెద్ద బండ పక్కనుంచి మెల్లగా, పులుసు ఒలకకుండా, చేన్ల దిక్కుకు తీసుకుపోయింది. ఆ పక్కకు డేగ అరుగు కనిపించదు. మేమున్న చోటికి కనిపించేటట్టు అక్కడ పెట్టి, చీర కొంగు సరిచేసుకొని వచ్చింది. నా ముందు నుంచే పోయింది. నన్ను చూసింది. నేను తల తిప్పి నీళ్ల దిక్కు చూశాను.

పది నిమిషాలు కూడా పట్టలేదు. ముందు ఒక కాకి బండ మీద వాలింది. అటూ ఇటూ చూసి దిగింది. గారె ముక్కున కరుచుకుంది. ఆ వెనకే ఇంకో రెండు.

"ముట్టింది! ముట్టింది!" అని చిన్నబాపు లేచి కూర్చున్నాడు. అందరూ ఏడ్చారు. అందరికన్నా ఎక్కువ మేనత్త ఏడ్చింది. "నా కొడుకు సల్లగ పోయిండు" అంటూ వదినను దగ్గరికి తీసుకుంది. వదిన ఆమె భుజం మీద తల పెట్టలేదు, వదిలించుకోనూ లేదు.

చుట్టాలంతా ఆటో ఎక్కి పోయారు. గిన్నెలు కడిగి తెద్దామని వదిన, నేను ఆగాం. ఆమె నీళ్ల ఒడ్డున గొంతుక్కూర్చొని ఇసుకతో తోముతోంది.

"నిజం చెప్పు. గా కాకి దానంతటదే వచ్చిందా?" అన్నది.

"మేనత్త ఇస్తరి జరిపింది. డేగకు కనపడని దిక్కుకు."

ఆమె చెయ్యి ఆగలేదు. "జరిపితే జరిపింది. మూడోనాడే జరపాల్సింది."

"అందరి ముందట ఆమెను అడుగుత."

"వద్దు. ఆమెకు గూడ నిద్ర వస్తలేదు. పది దినాలాయె, లోపలి అర్రల ఆమె పక్కకే పండుకుంటున్న, నాకెరుకే." గిన్నె కడిగి బోర్లించింది. "ఆయన మాట బయట పెట్టొద్దనే ఊకున్న. పసుపు కోసం పాణం ఇడిసిండు అంటే లోకం నవ్వుతది. మీరంత కలిసి నాతోని చెప్పిచ్చిన్రు."

నేను రెండో గిన్నె అందుకోబోయాను. ఆమె ఇవ్వలేదు. నా ముఖం చూసింది.

"నువ్వు గూడ నావల్లనే అనుకున్నవా?"

లేదని చెప్పొచ్చు. ఆమెకు ఎదురుగా నీళ్లు, నా వెనక గుట్ట. వినేవాళ్లు ఎవరూ లేరు.

"అనుకున్న" అన్నాను.

"ఎన్ని దినాలు?"

"ఇయ్యాల నువ్వు చెప్పేదాక."

ఆమె తల ఊపింది. గిన్నె నా చేతికిచ్చి, "పట్టు, పోదాం" అన్నది.

భీమ్‌గల్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. వదిన ఆ ఇంట్లోనే ఉంది. నేను వారానికోసారి పోతాను. చాయ్ పెడుతుంది, బర్రె ఈనిన సంగతో, పక్కింటి సంగతో చెబుతుంది. చెప్పడం అయ్యాక ఒక్క క్షణం ఆగి నా ముఖంలోకి చూస్తుంది. నేను నమ్మానో లేదో అని.