డాక్టరమ్మ వెయ్యని ఓటు

మొన్న శుక్రవారం మేము అన్నాలకు కూర్చుంటుండగా అమ్మాన్ నుంచి ఫోనొచ్చింది. డాక్టరమ్మ భర్త. వాళ్ళిద్దరూ కొన్నేళ్ళ కిందటే జోర్డాన్ వెళ్ళి అక్కడ స్థిరపడ్డారు. ఆయన మాట్లాడేది ఇంగ్లీషే గాని, నా నోట విని విని 'డాక్టరమ్మ' అన్న ఒక్క మాట తెలుగులో నేర్చుకున్నాడు. "మీ డాక్టరమ్మ వెళ్ళిపోయిందమ్మా" అన్నట్టుగా ఏదో చెప్పాడు. గుండెపోటట. నిద్రలోనే పోయిందట. మా ఆయనే ఫోను తీసుకుని చెప్పాల్సిన నాలుగు మాటలూ చెప్పాడు.

ఆవిడది బాగ్దాద్. మాది తెనాలి పక్కన పల్లె. ఇద్దరం కలిసింది ఇక్కడ, సౌదీలోని ఖఫ్జీలో. మా ఆయన ఆయిల్ ఫీల్డులో ఇంజనీరు, ఆవిడ ఊళ్ళో ఆస్పత్రిలో కాన్పుల డాక్టరు. నేను డాక్టరమ్మా అని పిలుస్తుంటే మొదట్లో నవ్వేది, తర్వాత అలవాటుపడిపోయింది. నన్ను "బిన్తీ" అనేది, అంటే అమ్మాయీ అని. స్టెతస్కోపు చల్లగా తగులుతుందని, పెట్టేముందు తన కోటు చేతికేసి గట్టిగా రుద్దేది. కడుపుతో ఉన్నప్పుడు నేను ఊరికే కంగారుపడేదాన్ని. "భయపడు, నేను వద్దనను. భోజనం మాత్రం మానకు" అనేది. ఓసారి మా ఆయన బిక్కమొహం వేసుకుని నిలబడితే, "కనేది ఆ పిల్ల కదా, చెమటలు నీకెందుకయ్యా?" అని గట్టిగా అడిగింది. గదిలో నర్సులంతా నవ్వారు. మా ఆయన ఆ మాట ఇప్పటికీ తల్చుకుంటాడు.

2005 జనవరిలో ఇరాక్‌లో ఎన్నికలు. బయటి దేశాల్లో ఉన్న ఇరాకీలు కొన్నిచోట్ల ఓటు వెయ్యొచ్చన్నారు గాని, ఆ కొన్నిట్లో సౌదీ లేదు. మాకు దగ్గరంటే అబుదాబియే. పొద్దున్నే బయల్దేరితే చీకటిపడ్డాక చేరే దూరం. అదీ ఒక్కసారి వెళ్తే సరిపోదు. ముందు పేరు రాయించుకోవడానికోసారి, ఓటు వెయ్యడానికి మళ్ళీ ఓసారి. ఆస్పత్రి వాళ్ళను బతిమాలి పాస్‌పోర్టు తీసుకుని, వెళ్ళి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా వేయించుకుని, భర్తతో వెళ్ళి పేరు రాయించుకొచ్చింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పట్లో నాకు తెలిసిందల్లా నా పొట్ట, నా నొప్పులు, అంతే.

సరిగ్గా వాళ్ళు రెండోసారి బయల్దేరే పొద్దున నాకు నొప్పులొచ్చాయి. ఇంకా రెండు వారాలుందనగా. బీపీ పెరిగింది. డాక్టరమ్మ ప్రయాణం బట్టల్లోనే వచ్చి చూసింది. తన బదులు దమ్మామ్ నుంచి ఇంకో డాక్టరు వచ్చిందని, చాలా మంచి హస్తవాసి అని చెప్పింది. "నేను ఊరెళ్ళాలి బిన్తీ. రేపటికల్లా అక్కడుండాలి" అంది. నేను వింటేనా! ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "నన్నొదిలి వెళ్ళకండి డాక్టరమ్మా, చచ్చిపోతాను" అని ఏడ్చాను. నాకు అమ్మ లేదు, అత్తగారికి వీసా రాలేదు. డాక్టరమ్మ కిటికీలోంచి కిందికి చూసింది. కింద గేటు దగ్గర కారులో వాళ్ళాయన కూర్చుని ఉన్నాడు. లోపలికెళ్ళి కోటు వేసుకొచ్చింది. మర్నాడు మధ్యాహ్నానికి గాని పిల్ల పుట్టలేదు. ఆ సాయంత్రంతో అబుదాబిలో ఓట్లు అయిపోయాయి.

పిల్లకు నలభై రోజులు నిండాక బొబ్బట్లు చేసుకుని, పిల్లనెత్తుకుని గొప్పగా వాళ్ళింటికెళ్ళాను. ఎండు నిమ్మకాయల చాయ్ ఇచ్చారు. ఆయన పిల్లను చేతుల్లోకి తీసుకుని బుగ్గ గిల్లి, "మా ఓటు తినేసింది నువ్వేనా?" అన్నాడు. డాక్టరమ్మ అరబ్బీలో కసిరింది. నేను వదలకుండా అడిగాను. అప్పుడు చెప్పింది.

తన చెల్లెలు బాగ్దాద్‌లో బడి టీచరు. ఓట్ల రోజు అక్కడ కార్లూ బస్సులూ తిరగనివ్వలేదట, నడిచే వెళ్ళింది. వెళ్తే చంపుతామని గోడల మీద రాతలు. వరసలో ఉండగా పక్క వీధిలో ఏదో పేలింది. జనం చెదిరిపోయారు, మళ్ళీ ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. చెల్లెలూ వచ్చి నిలబడింది. సాయంత్రం ఫోన్ చేసి, "నువ్వూ వేశావు కదక్కా?" అని అడిగింది.

"వేశానన్నాను" అంది డాక్టరమ్మ. "అది అలా నిలబడొచ్చి అడిగితే లేదని ఏ నోటితో చెప్పను? దానికి నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు బిన్తీ. ఇంత సిగ్గు నేనెరగను."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "ఓటుకని నాతో ఒక్క మాట చెప్పలేకపోయారా?" అన్నాను, తప్పంతా ఆవిడదే అయినట్టు.

"చెబితే వెళ్ళమనేదానివా?"

ఆయన చేతుల్లోంచి పిల్లను తీసేసుకున్నాను. ఆవిడ మళ్ళీ అడగలేదు. మా దేశంలో ఓటెయ్యడానికి ఎంత దూరం వెళ్ళాలని అడిగింది. మా వీధి చివర బడే అన్నాను. ఎన్నిసార్లు వేశావంది. ఒక్కసారీ వెయ్యలేదు. ఎండగా ఉందని ఓసారి, జాకెట్లు కుట్టించుకోవాలని ఓసారి మానేశాను. ఆ మాట ఆవిడ ముందు ఎలా అనను? నా మొహం, పిల్లకు పాలవేళయిందని లేచి వచ్చేశాను.

ఇన్నేళ్ళూ 'చెబితే వెళ్ళమనేదానివా' అన్న ఆ ప్రశ్నకు మంచి జవాబొకటి వెతుక్కుంటూనే ఉన్నాను. ముందే తెలిసుంటే వెళ్ళమనేదాన్నేమో అని నలుగురిలో అంటుంటాను. అబద్ధం. తెలిసినా వెళ్ళనిచ్చేదాన్ని కాదు. ఇవాళ మళ్ళీ ఆ మంచం మీద పడుకోబెట్టినా ఆ చెయ్యే పట్టుకుంటాను. ఆవిడ పోయిందన్న ఏడుపు కంటే ఈ సిగ్గే నన్నెక్కువ తింటోంది. ఆ సంగతి చెల్లెలికి ఎప్పుడైనా చెప్పిందా అని మొన్న ఫోనులో ఆయన్ని అడగబోయాను. అడక్కుండానే ఫోను మా ఆయన చేతికిచ్చేశాను.

పిల్ల పుట్టిన ఏడాదే డిసెంబర్లో ఇరాక్‌లో మళ్ళీ ఎన్నికలొచ్చాయి. ఈసారి డాక్టరమ్మ వెళ్ళి ఓటు వేసొచ్చింది. ఆ వారంలోనే పిల్లకు జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఆవిడ గది తలుపు తీసే ఉంది. బల్ల దగ్గర నిలబడి ఫోన్లో మాట్లాడుతోంది. చూపుడువేలికి ముదురు ఊదారంగు సిరా. అటువైపు ఎవరో ఆడమనిషి, ఆ చెల్లెలే అయ్యుంటుంది, గట్టిగా నవ్వుతూ ఏదో అడుగుతున్నట్టు నాక్కూడా వినిపించింది. ఈ ఊరొచ్చాక నేను నేర్చిన అరబ్బీకి డాక్టరమ్మ చెప్పిన జవాబు బాగానే అర్థమైంది.

"అవునమ్మా, వేశాను. రెండోసారి."

అంటూనే తలెత్తింది. గుమ్మంలో నేను. ఆ సిరా వేలిని రెండో చేతి గుప్పిట్లో దాచేసుకుంది. నేను లోపలికీ పోలేక, వెనక్కీ రాలేక, తల దించుకుని పిల్ల కాళ్ళకున్న మేజోళ్ళు పైకి లాగుతూ అక్కడే నిలబడిపోయాను.