గణుపు దగ్గర నూగు

కొంచెం ఇటు జరిగి, కాళ్లు చాపుకొని తీరుబడిగా కూర్చోండమ్మా, నా గొంతు ఇప్పుడు వాకిలి దాకా కూడా పోవడం లేదు. నేను చెప్పబోయేది బర్రెకు గడ్డి కోసుకొచ్చిన చేతులకు ఇట్టే తెలిసే సంగతి, తెలియని వాళ్లు కూడా వినండి, తప్పేమీ లేదు.

మొన్న కాలువకు నీళ్లు వదిలారంటే చూడబోయిన నా మనుమరాలు, గట్టు మీద గులాబీ రంగు కంకులు వేసిన మొక్కలు చేతినిండా తెంపుకొచ్చింది. గాజు గ్లాసులో పెడతానని కూర్చొని, మాటల్లో పడి ఒక కాడను పంటి కింద పెట్టబోయింది. నేను మంచం మీద నుంచి ఎట్లా లేచానో నాకే తెలియదు. ఆ కాడను గుంజుకొని, కంకి చూసి, గణుపు తడిమి, ఇది కారంది కాదులే అని తేల్చుకున్నాక గానీ నా గుండె దడ తగ్గలేదు. "గడ్డిపువ్వుకు గింత ఫికరేంది నానమ్మా!" అని అది పడీపడీ నవ్వింది. నవ్వనీ, నా దడ ఎప్పటిదో దానికేం తెలుసు.

నేను కాపురానికి వచ్చిన ఊరు బాన్సువాడ నుంచి బిచ్కుంద పోయే దారిలో, కాలువ పక్కనే ఉంటుంది. ఆ కాలువ గట్ల మీద, నీళ్లు నిలిచే పల్లాల్లో ఈ మొక్కలు రెండు రకాలు కలిసిమెలిసి పెరిగేవి. రెండింటికీ సన్నగా పొడుగాటి ఆకులే, రెండింటికీ ఉబ్బిన గణుపులే, అక్కాచెల్లెళ్ల లాగా ఉండేవి. మా ఇంట్లో ఒకదాన్ని సప్పది అనేవాళ్లం, ఇంకొకదాన్ని కారంది అనేవాళ్లం. సప్పది గడ్డిలో కలిసి పోయినా పశువుకు ఏమీ కాదు. కారంది మాత్రం పచ్చిమిరపకాయకు అక్క, పశువు నోరు పొక్కిస్తుంది. పూత మీద ఉంటే కంటితోనే చెప్పొచ్చు, సప్పదాని కంకి ఒత్తుగా నిలబడి ఉంటుంది, కారందాని కంకి పలచగా వంగి వేలాడుతుంది. కానీ వాన కాలం నాట్ల రోజుల్లో పూత ఎక్కడిది, అన్నీ లేత మొక్కలే. అప్పుడు గణుపు చుట్టూ ఉండే పలచటి పొరను వేలితో తడిమితే, కారందానికి అంచున సన్నటి నూగు తగులుతుంది, సప్పదానికి నున్నగా జారిపోతుంది. అంతే తేడా. కొరికి చూస్తే సరిపోదా అంటారేమో, ఒకసారి కొరికితే ఆ మంట ఆరేదాకా ఏది నోట్లో పెట్టినా కారంగానే తోస్తుంది. రెండూ పారేద్దామా అంటే, ఎండుగడ్డి అయిపోయి, పొలాలన్నీ దమ్ము బురదలో ఉండే ఆ రోజుల్లో మోపులో సగం ఈ మొక్కలే.

అందుకని నేను మోపు తెచ్చి కొట్టం ముందు దింపితే, మా అత్తమ్మ గడప మీద కూర్చొని, ఒక్కొక్క కాడ వేళ్ల మధ్య నుంచి లాగుతూ, కారందాన్ని అవతల పారేసేది. ఎవరితోనో మాట్లాడుతూ, ఎవరినో తిడుతూ కూడా ఆ వేళ్లు తప్పేవి కావు.

నేను వచ్చిన రెండో ఏడు, నాట్ల రోజుల్లోనే, మా ఆడబిడ్డ పసిపిల్లతో పుట్టింట్లో, అంటే మా దగ్గరే ఉంది. తల్లికి పాలు పడలేదు. ఇంట్లో పాలిచ్చే బర్రె ఒక్కటే, ఆ పిల్ల ప్రాణమంతా దాని పొదుగులోనే ఉన్నట్టు మేమంతా దాని చుట్టూ తిరిగేవాళ్లం. ఒకనాడు అత్తమ్మ నాటు వేసి వచ్చి, కాళ్లు కడుక్కొని, ఎప్పటి లాగానే మోపు ముందు కూర్చుంది. నేను ఊడుస్తూ, ఏరి పక్కన పెట్టిన మంచి కట్టను జరపబోతే, ఒక కాడ గణుపు దగ్గర నా వేలికి నూగు తగిలినట్టే అనిపించింది.

"అత్తమ్మా, గిది కారంది లెక్క కొడుతుంది, ఒక్కసారి చూడరాదు."

"ఏమే పొల్లా, నిన్న గాక మొన్న వచ్చి నాకు గడ్డి నేర్పుతున్నవా? మీ అవ్వగారింట్ల బర్రె ఉండెనా అసలు?"

ఆడబిడ్డ కిసుక్కుమంది. అత్తమ్మ ఆ కట్టను గోలెంలో పడేసింది. బర్రె మూతి పెట్టింది మొదలు నేను చీపురు పట్టుకొని దాని వైపే చూస్తూ నిలబడ్డాను. కాసేపటికే అది తల విదిలించింది. నోటి వెంట సొంగ తీగలు తీగలుగా కారింది. నెమరు ఆపేసింది. సాయంత్రం పాలకు కూర్చుంటే చేపలేదు, ఒక్క చుక్క దిగలేదు, పొదుగు ముట్టుకుంటే కాలు విసిరింది. లోపల పసిది గుక్కపట్టి ఏడుస్తోంది, ఆడబిడ్డ మొహంలో నవ్వు ఎప్పుడో పోయింది. మా ఆయన బాన్సువాడ పశువుల దవాఖానకు సైకిల్ మీద పోయాడు గానీ వాన పట్టుకుంది, వచ్చే జాడ లేదు.

అత్తమ్మ గోలెంలో మిగిలిన గడ్డి తీసి, మళ్లీ తడమసాగింది. ఒక కాడ చిదిమి నాలుకకు తగిలించుకొని ఉమ్మేసింది. తర్వాత తన చేతులు కళ్ల ముందుకు తెచ్చుకుంది. రోజుల తరబడి బురదలో నాని, వేళ్ల కొసలు తెల్లగా ఉబ్బి, పైతోలు లేచిపోయి ఉన్నాయి. నాట్లు వేసిన ఆడవాళ్లందరి చేతులూ అంతేగా, మేమెవరం దాన్ని పట్టించుకున్నాం.

"నా వేళ్లు మొద్దుబారినయ్ బిడ్డా. అన్నీ నున్నగనే కొడుతున్నయ్ నాకు" అంది. ఆ గొంతు విని నాకు బర్రె కంటే ఆమె గురించే ఎక్కువ భయం వేసింది.

ఇద్దరం కలిసి చల్లతో, చల్లారిన గంజితో బర్రె నోరు కడిగాం, మళ్లీ కడిగాం. ఆడబిడ్డ పక్కింటికి పోయి మేకపాలు అడిగి తెచ్చి పసిదానికి పట్టింది. మేమిద్దరం మాత్రం బర్రె దవడ వైపే చూస్తూ కూర్చున్నాం. కదిలినట్టుంటుంది, కదలదు. ఈగ వాలి చెవి ఆడిస్తే నెమరు మొదలైందేమోనని ఇద్దరం ఒకేసారి ముందుకు వంగేవాళ్లం. దీపాలు పెట్టాక ఎప్పటికో దాని గొంతులో ముద్ద పైకి వచ్చింది, దవడ ఇటు నుంచి అటు నెమ్మదిగా తిరిగింది. అత్తమ్మ దాని నుదురు మీద తల ఆనించింది. నన్ను పిలవకుండానే నా చేయి పట్టుకొని, తిప్పి, వేళ్ల కొసలు నిమిరి చూసింది. గడ్డి కోతకు తిరగడం వల్ల నేను నాటులో దిగింది తక్కువే, నా వేళ్లకు ఇంకా తోలు లేవలేదు.

"రేపటి సంది నువ్వు నాటుకు రావద్దు. గడ్డి నువ్వే చూడు. నీ వంతు మడి నేనేస్త."

ఆ నడుముతో ఎట్లా వేస్తావని నేనంటే వినలేదు. ఆ ఏడే కాదు, ఆ తర్వాత ఆమెకు చేతనైనన్ని ఏండ్లు నాట్ల రోజుల్లో నా చేతులకు బురద అంటనీయలేదు. తండా నుంచి నాట్లకు వచ్చిన ఒకామె, "ఏమవ్వా, కోడలికి మెహందీ పెట్టి కూసోబెట్టినవా?" అని ఎగతాళి చేసిందట. "దాని వేళ్లు నా మనుమరాలి పాలకు కావలె, నీకేం నొప్పే?" అని అత్తమ్మ మడిలోంచే గదమాయించిందట. నేను మాత్రం నీడలో కూర్చొని గణుపులు తడుముతూ, ఆ వయసులో ఆమె బురదలో ఎక్కడ జారుతుందో, ఎవరు మోసుకొస్తారోనని వీధి వైపే చెవి పెట్టి ఉండేదాన్ని. ఒక్క కాడ తప్పిపోతే ఆమె పడ్డ కష్టమంతా వృథా అవుతుందని, చూసినదాన్నే మళ్లీ చూసేదాన్ని.

ఇప్పుడు నాట్లకు మిషన్లు వచ్చాయి, ఆడవాళ్ల వేళ్లు నానడం తగ్గింది, మంచిదే. గట్ల మీద మందు కొడితే కారందీ సప్పదీ పక్కపక్కనే ఒకే తీరుగా మాడిపోతున్నాయి, తేడా తెలిసి చేసేదేముంది. పాలు పొద్దున్నే పాకెట్లో వస్తాయి. పొంగు వచ్చేదాకా గిన్నె దగ్గర నిలబడి, ఈ పాలిచ్చిన పశువు ఏం మేసిందో, దాని మేత ఎవరి వేళ్ల మధ్య నుంచి పోయిందో అనుకుంటాను. అడుగుదామంటే ఎవరిని అడగాలో తెలియదు.

ఇంతసేపు విన్నారు, మీ కడుపు చల్లగా ఉండాలి. మీ ఇంటి పసిపిల్లలకు ఏ పూటా పాలకు కరువు రాకూడదు. మీ కష్టాన్ని తన నడుము మీదికి ఎత్తుకునే మనిషి ఒక్కరైనా మీ గడపలో ఎప్పుడూ ఉండాలి.