కోట గుడి మలుపు దర్వాజ

మా నాన్న అన్న, పెద్దబాపు ఊరు పరకాల దగ్గర. ఊరి చివర కాకతీయుల నాటి గుడి ఉంది. దాని చుట్టూ ఎత్తయిన రాతి గోడ. దండు వచ్చినప్పుడు ఊరంతా గొడ్డూగోదతో సహా ఆ గోడ లోపల తలదాచుకునేదట. ఇప్పుడు గుడికీ గోడకూ మధ్య పెద్దబాపు రెండెకరాల వరి పొలం ఉంది.

హన్మకొండ నుంచి వెళ్లినప్పుడల్లా నోటుబుక్కు పట్టుకుని ఆ గోడ దగ్గర కూర్చుంటాను. పదిమందిలో నాకు మాట రాదు. రాళ్ల దగ్గర మాత్రం ఎంతసేపైనా ఉండగలను. వాటి మధ్య సున్నం లేదు. రాయి మీద రాయి, బరువే బంధం. అన్నిటికంటే నాకు నచ్చేది దర్వాజ. పది అడుగులు లోపలికి వేశాక ఎదురుగా గోడ వస్తుంది, కుడికి తిరగాలి. పరుగున వచ్చే ఏనుగు కూడా అక్కడ ఆగిపోవాల్సిందే. ఆ ఆలోచన చేసిన మనిషి ఎవరో గాని, అడుగులతో కొలుచుకుంటూ చాలాసార్లు దండం పెట్టుకున్నాను.

మొన్నటి కోతలకు కూలీలు దొరకలేదు. పెద్దబాపు మొదటిసారి హార్వెస్టర్ పిలిపించాడు. ఆకాశం నిండా మబ్బు. పొలంలోకి ఆ దర్వాజ ఒక్కటే దారి. మిషను ముందున్న వెడల్పాటి కటర్ ఆ మలుపులో పట్టలేదు.

"ఆ మూలరాయి ఒక్కటి తీస్తే అయిపాయె. గడ్డపార తేండ్రి" అన్నాడు పెద్దబాపు.

పైన అడ్డంగా ఉన్న రాతి దూలం ఒక కొస ఆ మూలరాయి మీదే ఆనుకుని ఉంది. మగవాళ్ల ముందుకు పోలేక, పక్కనున్న పెద్దమ్మ చెవిలో చెప్పాను. కటర్ విప్పి విడిగా తీసుకుపోతే మిషను పడుతుందని, నోటుబుక్కులో రాసుకున్న నా కొలతలు చూపించాను.

పెద్దమ్మ గొంతు ఊరికంతా వినబడేది. "ఇన్నవా? ఆ రాయి తీస్తే పైనున్నది మిషను మీదనే పడ్తదట. కటర్ ఇప్పి తోల్కపో."

"ఇప్పి మల్ల బిగించుడంటే గంట పడ్తది కాకా" అని డ్రైవర్ పెద్దబాపుతో గొణిగాడు.

"ఎన్నడు నోరిప్పని పిల్ల చెప్పింది. నువ్వు కటర్ ఇప్పనీకి ఏడుస్తున్నవా?" అంది పెద్దమ్మ.

పెద్దబాపు దూలం వంక చూశాడు. మబ్బు వంక చూశాడు. గడ్డపార కింద పెట్టించాడు.

కటర్‌ను ట్రాక్టర్ వెనక డబ్బాలో పొడవునా పెట్టి లోపలికి చేర్చారు. మిషను అటూ ఇటూ జానెడు సందుతో మలుపు తిరిగింది. ఏ రాయికీ గీత పడలేదు. పొద్దు వాలేసరికి వడ్లన్నీ గుడి మండపంలోకి చేరాయి, తర్వాత వాన మొదలైంది.

వాన తగ్గేదాకా పెద్దబాపు మండపంలో కూర్చుని డ్రైవర్‌కు కోట కథ చెప్పాడు. "గా మూలరాయి మీదనే ఉన్నది దర్వాజ పానమంతా. ఏనుగు లోపలికి రాకుంట కట్టిండ్రు, ఎరికేనా?" సగం నా నోటుబుక్కులోది, సగం తన సొంతం. రాజు పేరు కూడా తప్పు చెప్పాడు. నేను దిద్దలేదు.