స్టీరింగులో ఒక పన్ను

హైవేను నాలుగు వరసలు చేసిన కొత్తలు. వనపర్తిలో కాపురం, గద్వాలలో ఉద్యోగం. అక్కడి జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి రోజూ నేనే కారు నడుపుకుంటూ పోయేదాన్ని. హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన పెద్ద కారు అది. బండి జారబోతే తనంతట తానే సర్దుకునే ఏర్పాటు అందులో ఉందని అమ్మినాయన గొప్పగా చెప్పాడు. స్టీరింగు బాగు చేయించేదాకా నాకు ఆ సంగతే గుర్తులేదు.

స్టీరింగు కింద కటకట చప్పుడు మొదలైతే మా వీధి చివరి షెడ్డులో ఇచ్చాను. షెడ్డు యజమానిని అందరం చాచా అనేవాళ్లం. ముప్పయ్యేళ్లుగా జీపులు బాగుచేసిన చెయ్యి. తాళాలిస్తూ, హైవే ఎక్కే పెబ్బేరు దాకా నడిపేసరికి కుడి మణికట్టు గుంజుతోందని మాటల్లో మాటగా చెప్పుకున్నాను. ఆ రోడ్డు అట్లాంటిది. ఒకే వరస తారు, ఎడమకు వాలు. ఎదురుగా బస్సు వస్తే ఎడమ టైర్లు మట్టిలోకి దించాల్సిందే. బండి ఎడమకు పోతానంటుంది, మనం కుడికి పట్టుకుని కూర్చోవాలి.

రెండు రోజుల్లో కారు తిరిగొచ్చింది, చప్పుడు పోయింది. మర్నాడు బీచుపల్లి వంతెన ఇంకా రాకముందే స్టీరింగు వెనక డ్యాష్‌బోర్డులో పసుపు దీపం వెలిగింది. చిన్న కారు బొమ్మ, దాని వెనక రెండు వంకర గీతలు. ఎవరో తాగి నడిపినట్టుంది. నాకసలే ముక్కు మీద కోపం. సాయంత్రం షెడ్డు ముందు ఆపి, "జీపులు చేసేటాయనకు కారిచ్చిన చూడు, నాదే బుద్ధితక్కువ" అనేశాను. అక్కడ చాయ్ తాగుతున్న ట్రాక్టర్ల వాళ్లు తలెత్తి చూశారు. చాచా వంగి ఆ దీపం వైపు చూశాడు.

మా ఆయన మాత్రం తేలిగ్గా తేల్చేశాడు. బల్బు పీకేస్తే సరిపోతుందట. ఆ మాట చాచాకు చెబితే ఆయనకు నచ్చలేదు.

"రోగం గట్లనే ఉంచి నోరు కట్టేసుడా మేడం? గది నాతోని కాదు" అన్నాడు. ఆ వెంటే అసలు బెంగ బయటపెట్టాడు. "ఇప్పుడు జీపులు ఎవరి కాడున్నయ్? వచ్చేటియన్నీ గిసుంటి బండ్లే. ఈ బత్తి పోకపోతే నేను ఇంక కార్లు ముట్ట. షెడ్డు మూసుకునుడే."

ఆ మాటతో నా కోపం చాలావరకు దిగిపోయింది. దాని చోట కుతూహలం వచ్చి కూర్చుంది. కారు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే దీపం ఆరిపోయేది. మరి మళ్లీ ఎక్కడ వెలుగుతోంది? నాలుగు రోజులు గమనించాను. వనపర్తి నుంచి పెబ్బేరు దాకా వెలగదు. హైవే ఎక్కి కొంతదూరం తిన్నగా పోయాకే వెలుగుతుంది. వచ్చేటప్పుడూ అంతే. వంతెన దగ్గరి ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టకుండా దాటుతున్నందుకే అన్నాడు కాలేజీ అటెండరు. అదీ కొట్టాను. కాయ తెల్లగా పగిలింది, దీపం ఎప్పట్లాగే వెలిగింది.

ఐదో రోజు ఇంకొకటి కంటపడింది. హైవే మీద కారు తిన్నగా పోతోంది కానీ నా చేతిలో స్టీరింగు కాస్త ఎడమకు ఒరిగి ఉంది. సాయంత్రం పెబ్బేరులో మళ్లి మా రోడ్డెక్కగానే అదే స్టీరింగు సరిగ్గా మధ్యకొచ్చింది.

ఆదివారం పొద్దున కారుతో వచ్చిన పుస్తకం పట్టుకుని షెడ్డుకు వెళ్లాను. ఇంగ్లీషులో ఉన్నది చదువుతూ తెలుగులో చెప్పాను. స్టీరింగు కింద ఒక బిళ్ల ఉంటుందట. స్టీరింగు ఎటు తిరిగిందో కంప్యూటరుకు చెప్పడం దాని పని. ఎడమకు తిరిగిందని అది చెబుతూ, కారేమో తిన్నగా పోతుంటే, బండి జారుతోందేమోనని కంప్యూటరుకు అనుమానం. అందుకే దీపం. హైవే మీద స్టీరింగు ఒరిగి ఉంటోందని కూడా చెప్పాను. చాచా చేతిలోని పానా కింద పెట్టేశాడు.

"ఒక పన్ను" అన్నాడు. స్టీరింగు కూర్చునే కడ్డీ చుట్టూ సన్నటి పళ్లుంటాయి. మళ్లీ ఎక్కించేటప్పుడు ఆయన కావాలనే ఒక పన్ను ఎడమకు జరిపి బిగించాడు. "మా ఉస్తాద్ నేర్పిన పని మేడం. మన రోడ్లకు జీపులకు గిట్ల ఏసేటోళ్లం. వాలు మీద మణికట్టు మెలి పడదు. జీపుల కంప్యూటర్ యాడుండె, చాడీలు చెప్పనీకె?"

బ్యాటరీ వైరు తీసి, స్టీరింగు ఊడదీసి, పన్ను వెనక్కి జరిపాడు. వైరు మళ్లీ తగిలించి, పుస్తకంలో ఉన్నట్టే ఇంజను నడుస్తుండగా స్టీరింగును ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పాడు. ఇద్దరం బయల్దేరాం. నేను నడిపాను. ఆయన దారి చూడలేదు, దీపం వెలిగే చోటే చూస్తూ కూర్చున్నాడు. వంతెన వచ్చింది, వెనక్కి పోయింది. దీపం వెలగలేదు. ఎర్రవల్లి చౌరస్తా దాకా పోయి కారు తిప్పాను.

"బోర్డు మీద జీపుల పక్కన కార్లు అని గూడ రాయిస్త" అన్నాడు చాచా. పరీక్ష పాసైనంత సంతోషమేసింది నాకు.

పెబ్బేరులో మళ్లి మా రోడ్డెక్కాం. ఎదురుగా బస్సు. ఎడమ టైర్లు మట్టిలోకి దించి, స్టీరింగును కుడికి పట్టాను. బస్సు పోయాక, అట్లా పన్ను జరిపి అన్ని బండ్లకూ వేస్తారా అని అడిగాను.

"లే మేడం. ఏసి శానేండ్లాయె. మీరే గద చెయ్యి గుంజుతుందన్నరు."

ట్రాక్టర్ల వాళ్ల ముందు నేనన్న మాట గుర్తొచ్చింది. తప్పయిందని ఎట్లా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటున్నాను.

"ఇప్పుడెట్లుంది? జర గుంజుతుందా?" అన్నాడు ఆయన, నా చేతివైపు చూస్తూ.

"లేదు చాచా" అన్నాను. పెబ్బేరు మలుపు నుంచీ గుంజుతూనే ఉంది.